నదివంకలోని బొంతలు

బొంత అనగానే గొప్ప వస్తువని ఎవరికిని తోచదు. ఇంటిలో అటకమీదనో, పందిరిమంచము క్రిందనో అది ఒక మూటగా పడియుండును. మార్గశిర పుష్యమాసములలో చలి ముదిరినప్పుడు ఆ మూటను విప్పి, ఎండలో వేసి, కర్రతో దులిపి, పిల్లలకు కప్పుదురు. అవ్వ కట్టి విడిచిన నేతచీర, తాత మాపి చింపిన పంచె, చంటిబిడ్డ పొత్తిగుడ్డ - ఇవన్నియు అందులో పొరలు పొరలుగా కూర్చుండును. ఇంటికి చుట్టము వచ్చినచో బొంతను లోపల దాచి, పెట్టెలోని కొత్తదుప్పటి తీసి పరచుట వాడుక. బొంత బీదరికమునకు గుర్తని లోకము తలచినది. దాచవలసిన వస్తువని దానిని కుట్టిన చేతులే తలచినవి.

ఆ తలపు తప్పని ఒక పల్లెలోని స్త్రీలు లోకమునకు చూపిరి. వారిలో పెక్కుమందికి బడిచదువు కొద్దియే. చిత్రకళ వారికెవరును నేర్పలేదు. పగలెల్ల పొలములలో పాటుపడి, వంటయు పిల్లల పనియు ముగించుకొని, మిగిలిన ప్రొద్దులో చలికి కప్పుకొనుటకై వారు బొంతలు కుట్టిరి. ఆ బొంతలే తరువాత మహానగరముల ప్రదర్శనశాలలలో గోడలకెక్కినవి. ఆ పల్లె మన దేశములోనిది కాదు. కాని బొంత ఎరిగినవారికి ఆ కథ పరాయిదిగా తోచదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణభాగమున అలబామా అను రాష్ట్రము కలదు. అందు అదే పేరుగల నది ప్రవహించుచున్నది. విల్కాక్స్ అను మండలములో ఆ నది గుర్రపులాడమువలె వంక తిరిగి, కొంత నేలను మూడువైపుల చుట్టుకొనిపోవును. ఆ నేలకే గీస్ బెండు అని పేరు. బెండు అనగా వంక. గీ అనునది 1816లో అక్కడ ప్రత్తితోట వేసిన భూస్వామి ఇంటిపేరు. 1845లో ఆ తోట బాకీక్రింద మార్క్ పెట్వే అను మరియొక భూస్వామికి చేరినది. అతడు ఉత్తర కరోలినా నుండి తరలివచ్చుచు నూరుమందివరకు నీగ్రో బానిసలను తెచ్చెను. యజమాని కుటుంబము బండ్లమీద వచ్చినది. బానిసలు కాలినడకను వచ్చిరి. వారి అసలు పేర్లు త్రోవలోనే పోయినవి. యజమాని పేరే వారికి ఇంటిపేరైనది. అందుచేతనే నేటికిని ఆ ఊరిలో పెట్వే అను ఇంటిపేరు గలవారు ఎందరో కనబడుదురు. వారందరును రక్తబంధువులు కారు. ఒకే సంకెలను మోసినవారి సంతతివారు.

1865లో బానిసత్వము రద్దయినది. కాని భూమి బానిసలది కాలేదు. వారు అదే నేలను పాలునకు దున్నుచు, విత్తనములు, ఎరువు, తిండిగింజలు అరువు తెచ్చుకొని, ప్రత్తి అమ్మి బాకీ తీర్చుకొనుచుండిరి. కొంతకాలమునకు ప్రత్తి ధర పడిపోయినది. బాకీ ఏటికేడు పెరిగినది. 1932లో వారికి అరువిచ్చుచుండిన వర్తకుడు మరణించెను. అతని ఆస్తికి హక్కుదారులైనవారు వసూలునకై మనుష్యులను పంపిరి. ఆ వచ్చినవారు అరువది కుటుంబముల ఇండ్లు సోదించి నాగళ్ళు, బండ్లు, కంచరగాడిదలు, ఆవులు, కోళ్ళు, నిలువచేసికొన్న గింజలు సమస్తము ఊడ్చుకొనిపోయిరి. ఆ చలికాలమున రెడ్ క్రాస్ సంఘమువారు పంపిన ఆహారమే ఊరిని బ్రతికించినది. తరువాత 1937లో ప్రభుత్వము ఆ భూమిని కొని, కొత్త ఇండ్లు కట్టించి, సులభమైన వాయిదాలమీద వారికి ఇచ్చినది. అప్పటికిగాని ఆ రైతులకు తమ నేల అను మాట దక్కలేదు.

అంతకుముందటి ఇండ్లు దుంగలతోను, చెక్కలతోను కట్టినవి. సందులనుండి చలిగాలి ఈదురుగా వీచుచుండెడిది. గాలి ఆపుటకై స్త్రీలు పాత పత్రికల కాగితములను గోడలకు అంటించిరి. రాత్రివేళ పిల్లలను వరుసగా పరుండబెట్టి, క్రింద కొన్ని బొంతలు పరచి, పైన కొన్ని కప్పుచుండిరి. ఇంటికి పదిమంది పిల్లలున్నచోట ఎన్ని బొంతలు కావలయునో ఊహించుకొనవచ్చును. కావున అక్కడ బొంత కుట్టుట ప్రొద్దుపోని వేడుక కాదు, ప్రాణరక్షణ.

అయినను ఆ స్త్రీలు బొంతను ఏదో ఒక తీరున అతికి ఊరకొనలేదు. వారి పద్ధతిలో రెండు అంచెలు కలవు. మొదటిది పైపొర కూర్చుట. చినిగిన గుడ్డలలో బాగుగా ఉన్న ముక్కలను కత్తిరించి, ప్రక్కప్రక్కన పేర్చి, ఒకదానికొకటి అతికి, మంచమంత గుడ్డగా చేయవలెను. ఈ పని ప్రతి స్త్రీయు తన ఇంట, తన యిష్టము చొప్పున ఒంటరిగా చేసికొనును. ఏ ముక్క ప్రక్కన ఏది ఉండవలెనో ఆమెయే నిర్ణయించును. రెండవ అంచె మూడు పొరలు కలిపి కుట్టుట. అడుగున సంచిగుడ్డవంటి ముదుక గుడ్డ, నడుమ దూది, పైన ఆమె కూర్చిన పొర. ఈ మూడింటిని కఱ్ఱచట్రమునకు బిగించి, నాలుగువైపుల స్త్రీలు కూర్చుండి వరుసకుట్లు వేయుదురు. ఈ పనికి ఇరుగుపొరుగువారు వత్తురు. నేడు ఒకరి ఇంట, రేపు మరియొకరి ఇంట. దూది కొనినది కాదు. కోతకు మిగిలినదియు, మిల్లు నేలమీద ఊడ్చినదియు తెచ్చి, కఱ్ఱలతో కొట్టి మెత్తపరచినది. సూదులు నడచుచుండగా పాటలు సాగును. దేవుని కీర్తనలు, ఊరి సంగతులు, కష్టసుఖములు ఒకటి వెంట ఒకటి వచ్చును. చిన్నపిల్లలు చట్రము క్రింద దూరి, పైన సూది దిగి లేచుట చూచుచు ఆడుకొనుచుందురు. పదకొండు పండ్రెండేండ్లు వచ్చుసరికి వారికిని ఒక సూది చేతికి వచ్చును.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. కుట్టుట పదిమంది పని. కూర్చుట ఒకతె పని. చట్రము చుట్టు కూర్చున్న పదిమందిలో ఏ ఒక్కరును, ఈ ఎఱ్ఱముక్క ఇక్కడ బాగుగా లేదు, తీసివేయుము, అని చెప్పరు. ఒకరి కూర్పు మరియొకరు చూతురు, మెచ్చుకొందురు, తమ బొంతలో దానిని మించిన కూర్పు చేయవలెనని లోలోన పట్టుపట్టుదురు. పాతకాలమునుండి వచ్చుచున్న నమూనాలు కొన్ని కలవు. నడుమ ఒక చదరపు ముక్క ఉంచి, దాని చుట్టు పట్టీలు అతుకుచు పోయిన పెంకుటింటి కప్పును ఆకాశమునుండి చూచినట్లు ఉండును. దానిని ఇంటికప్పు అందురు. ఇటుకలు పేర్చినట్లుండునది ఇటుకల పేర్పు. పొడవైన పట్టీలను నిలువుగా అతికినది సోమరిపిల్ల. దానిలో శ్రమ తక్కువ గనుక ఆ పేరు. ఈ నమూనాలన్నియు ఎరిగియు, వానిని కావలెనని వంకర చేసి, కొలత తప్పించి, తన మనస్సునకు తోచినట్లు కూర్చినచో ఆ బొంతకు ఒక్కటే పేరు: నా తీరు. గీస్ బెండు స్త్రీలకు ఇష్టమైన పేరు ఇదియే. మన వాకిళ్ళలో చుక్కల ముగ్గు వేయు ఇల్లాలు పొరుగింటి ముగ్గును చూచి నేర్చుకొనియు, తన వాకిట ఒక మెలిక అదనముగా త్రిప్పును కదా! అట్టిదే ఇదియు.

ఇక రంగుల సంగతి. నేడు అమెరికాలోను ఇతర దేశములలోను బొంతను ఒక చిత్రముగా భావించి కుట్టువారు కలరు. 1979లో ఒహాయో రాష్ట్రమందలి ఏథెన్స్ పట్టణమున అట్టి బొంతలకే ప్రత్యేకముగా ఒక ప్రదర్శన ప్రారంభమైనది. వారిలో పలువురు తెల్లని నూలుగుడ్డ కొని, ఇష్టసఖులతో కూడి, తొట్లలో రంగులు కలిపి తామే అద్దుకొందురు. 1956లో ఇంగ్లండునుండి అమ్మకమునకు వచ్చిన ఒక జాతి రంగులు ఈ పనికి మిక్కిలి అనుకూలించినవి. వానిని కాచి మరిగింపనక్కరలేదు, చాకలిసోడా కలిపిన చల్లనినీటిలోనే అవి నూలుపోగుతో రసాయనికముగా ఏకమైపోవును, ఉతికినను వదలవు. గుడ్డను నలిపి ముంచినచో ఒక వన్నె, ముడివైచి ముంచినచో మరియొక వన్నె. ఒక నీలమునందే పది ఛాయలు తీయవచ్చును. రెండుమారులు ఒకే వన్నె రాదు. తొట్టినుండి గుడ్డ పైకి తీయునప్పుడు స్నేహితురాండ్రందరు చుట్టు మూగి చూచుట ఆ పనిలోని వేడుక.

గీస్ బెండు స్త్రీలకు రంగులు కొని అద్దుకొను స్తోమత లేదు. వారి గుడ్డలకు రంగు తీర్చినవాడు సూర్యుడు. మగవారు పొలములో తొడుగుకొను ముదుక నీలిలాగులు, చొక్కాలు ఏండ్లతరబడి ఎండకు ఎండి, వానకు తడిసి, చెమటకు నాని, చాకిరేవులో నలిగి, ఒక్కొక్కచోట ఒక్కొక్క ఛాయకు దిగినవి. మోకాలు మోపిన తావు తెల్లబడినది. జేబు ఊడదీసినచోట మాత్రము ఎండ తగులలేదు గనుక కొత్తగుడ్డవలె ముదురునీలము నిలిచినది. ఆ స్త్రీలు ఈ గుర్తులను దాచలేదు. మోకాటి తెలుపు, జేబు నీలము, మాసిక వేసిన ముక్క - అన్నియు పైకి కనబడునట్లే పేర్చిరి. అద్దకపు తొట్టిలో ఒక దినమున వచ్చు ఛాయలు వారి గుడ్డకు ఇరువదియేండ్ల సేద్యమున వచ్చినవి. ఆ బొంతను చూచినవాడు ఒక మనిషి ఎట్లు వంగి పనిచేసెనో, ఎక్కడ మోకరించెనో చదువుకొనవచ్చును.

ఇట్టి బొంతలలో ఒకదాని కథ ప్రత్యేకముగా చెప్పదగినది. మిస్సౌరి పెట్వే అను ఇల్లాలు ఆ ఊరిలో ఉండెను. ఆమె భర్త జబ్బుపడి మరణించెను. పెద్దకుమార్తె ఆర్లోన్జియాకు అప్పటికి పదునేడు పదునెనిమిదేండ్లు. భర్త విడిచిపోయిన ఆస్తి అతని పనిబట్టలే. 1942లో ఒకనాడు మిస్సౌరి కూతురిని పిలిచి, మీ నాయన బట్టలన్నియు తెచ్చి బొంత కుట్టెదను, ఆయన గుర్తుగా దానిని కప్పుకొని పరుండెదను అని చెప్పెను. తల్లియు కూతురును కూర్చుండి లాగులు, చొక్కాలు విప్పి చింపిరి. లాగు కాలు క్రింద సన్నముగాను, పైన వెడల్పుగాను ఉండును. దానిని సమమైన పట్టీగా కత్తిరించుట కూతురి పని. అతికి కూర్చుట తల్లి పని. ఉన్న బట్టలు సరిగా ఒక్క బొంతకు సరిపోయినవి, మిగులలేదు, చాలకపోలేదు. వెలసిన నీలము, బూడిదవన్నె, గోధుమవన్నె ముక్కల నడుమ అక్కడక్కడ కొంచెము ఎరుపు. ఆ బొంత చలికి కప్పుకొనినదియే. కాని ఆ రాత్రులలో ఆమెను కాచినది దూది మాత్రము కాదు.

మన ఇండ్లలోను పోయినవారి చీరను చింపి బొంతలో వేయుట కలదు. ఎందుకని అడిగినచో, గుడ్డ పాడుచేయనేల అని పెద్దవారు బదులు చెప్పుదురు. ఆ బదులు వెనుక చెప్పని మాట యొకటి ఉండును. గీస్ బెండులో ఆ ఇల్లాలు ఆ మాటను తన కూతురితో పైకి చెప్పినది. కూతురు వృద్ధురాలైన తరువాత లోకమునకు చెప్పినది. అంతే భేదము.

కాలము మారుచుండెను. నీగ్రోలకు చట్టముచొప్పున ఓటుహక్కు ఉన్నను, దక్షిణ రాష్ట్రములలో దానిని వాడుకొననీయకుండ అనేకవిధముల అడ్డగించుచుండిరి. 1960 తరువాత గీస్ బెండువారును తమ పేర్లు ఓటర్ల పట్టికలో వ్రాయించుకొనుటకై నది దాటి మండల కేంద్రమైన కేమ్డెన్ పట్టణమునకు పోవ మొదలిడిరి. 1962లో పడవ రేవు మూసివేయబడినది. నదికి ఆవలియొడ్డు కంటికి కనబడుచునే యున్నది. కాని చుట్టుతిరిగి రోడ్డుమీద పోవలెనన్న గంటసేపటి ప్రయాణము, అదియు మోటారుబండి ఉన్నవారికి. వైద్యునికొరకైనను, ఓటుకొరకైనను అదే త్రోవ. 1965 ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగు ఆ పల్లెకు వచ్చి ప్రజలతో మాటాడెను. ఆయన మాటకు ధైర్యము తెచ్చుకొని స్త్రీలు, పురుషులు ఊరేగింపులలో నడచిరి. అందులకై కొందరు పనులు పోగొట్టుకొనిరి. కొందరు పాలేరులు ఇండ్లనుండి వెడలగొట్టబడిరి.

ఆ దినములలో ఆ ప్రాంతమునకు వచ్చిన ఫ్రాన్సిస్ వాల్టర్ అను క్రైస్తవ పురోహితుడు ఒక ఇంటిముందు తీగెమీద ఆరవేసిన బొంతలను చూచెను. వాని అందమునకు ఆశ్చర్యపడి, ఒక్కొక్కటి పది డాలర్లకు కొని, న్యూయార్కు నగరమున వేలము వేయించెను. అంతకుముందు ఆ స్త్రీలకు బొంతకు పది డాలర్లు వచ్చునని తెలియదు. 1966లో గీస్ బెండునందును, చుట్టుప్రక్కల ఊళ్ళయందును ఉన్న స్త్రీలు చేరి ఒక సహకారసంఘము స్థాపించుకొనిరి. దానికి ఫ్రీడం క్విల్టింగ్ బీ అని పేరు పెట్టిరి. స్వేచ్ఛకొరకు కూడి బొంతలు కుట్టువారు అని దాని భావము. ఆ సంఘమున సంపాదించిన కూలితో కొందరు తొలిసారిగా ఇంటికి నీటికుళాయి పెట్టించుకొనిరి; కొందరు పిల్లలను చదివించుకొనిరి.

అయితే బజారు కోరిక వేరు. పెద్ద దుకాణములవారికి నూరు బొంతలు కావలెనన్నచో నూరును ఒకే తీరున ఉండవలెను. కొలత తప్పరాదు, కుట్టు తప్పరాదు, రంగు మారరాదు. 1972లో సియర్స్ అను గొప్ప వ్యాపారసంస్థ తలగడగలీబులు కుట్టియిచ్చు పనిని సంఘమునకు ఒప్పగించినది. గుడ్డ కార్డురాయ్ అను గీతల మఖమలు. బంగారువన్నె, ఆకుపచ్చ, ఎరుపు మొదలైన రంగుల గలీబులు ఒక్క అచ్చున పోసినట్లు వందలకొలది తయారైనవి. పగలు సంఘమున స్త్రీలు చెప్పిన కొలతకు కుట్టిరి. కత్తిరింపగా మిగిలిన ముక్కలను, పట్టీలను సాయంకాలము ఇండ్లకు మోసికొనిపోయిరి. ఆ ముక్కలు ఇంటికి పోయి గలీబులు కాలేదు. ఇంటికప్పులైనవి, ఇటుకల పేర్పులైనవి, నా తీరులైనవి. పగలు పొట్టకొరకు ఒకే మూసలో కుట్టిన చేతులే రాత్రి తమ మనస్సునకు తోచినట్లు కూర్చినవి. గీస్ బెండు బొంతలలో మిక్కిలి కాంతిగలవి కొన్ని ఈ విధముగా పుట్టినవే.

ఆన్ని మే యంగ్ అను స్త్రీ 1976లో ఒక బొంత కూర్చెను. నడుమ నిప్పువన్నెల గీతలమఖమలు పట్టీలు; చుట్టు పొలపు బట్టల వెలసిన నీలము. చలిరాత్రి కుంపటి చుట్టు కూర్చున్నట్లుండును ఆ కూర్పు. ఇరువదియేండ్ల తరువాత ఒక పుస్తకములో ఆ బొంత ఛాయాచిత్రమును విలియం ఆర్నెట్ అను కళాసేకరణకర్త చూచెను. కట్టెలమోపుమీద ఆరవేసిన బొంత అది. అతడు దానిని వెదకుకొనుచు గీస్ బెండునకు వచ్చి, ఆ వృద్ధురాలి ఇల్లు కనుగొనెను. అంతకు కొలది దినముల ముందే ఆమె కొన్ని పాతబొంతలను కాల్చివేసియుండెను. కాలుచున్న ప్రత్తిపొగకు దోమలు తొలగిపోవును. అదృష్టవశమున ఆ బొంత మిగిలినది. దానికిని మరికొన్నిటికిని అతడు వేలకొలది డాలర్లు ఇచ్చుటకు సిద్ధపడగా ఆమె నమ్మలేకపోయెను. దోమలపొగకు పనికివచ్చు పాతగుడ్డకు అంత వెల ఉండునని ఎవరు నమ్ముదురు?

2002లో హ్యూస్టన్ నగరపు లలితకళల ప్రదర్శనశాలలో గీస్ బెండు బొంతలు గోడలకెక్కినవి. అదే యేడు న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలకు వచ్చినవి. చూచినవారు ముక్కున వ్రేలు వేసికొనిరి. విమర్శకులు మాటిస్, క్లే మొదలైన మహాచిత్రకారుల పటములతో వానిని పోల్చిరి. అయితే ఆ స్త్రీలు ఆ చిత్రకారులను చూచి నేర్చినవారు కారు. తల్లిని చూచి, పినతల్లిని చూచి, పొరుగింటి తీగెమీద ఆరిన బొంతను చూచి నేర్చినవారు. ప్రదర్శనకు వచ్చిన వృద్ధస్త్రీలు తమ బొంతలను దీపముల వెలుగున, నిలువుగా, పెద్దగోడమీద ఒంటరిగా ఉండగా తొలిసారి చూచిరి. అంతవరకు అవి మంచముమీద పరచిన గుడ్డలు. మిస్సౌరి పెట్వే భర్త బట్టలతో కుట్టిన బొంతయు ఆ గోడలమీద ఉండెను. 2006లో అమెరికా తపాలాశాఖ గీస్ బెండు బొంతలు పదింటి బొమ్మలతో తపాలాబిళ్ళలు వెలువరించినది. అదే సంవత్సరమున, నలువదినాలుగేండ్ల తరువాత, నదిమీద పడవ మరల నడచినది.

కీర్తితోపాటు చిక్కులును వచ్చినవి. బొంతలవలన, వాని నమూనాలను అచ్చువేసిన వస్తువులవలన వచ్చిన ధనములో తమకు న్యాయమైన భాగము ముట్టలేదని కొందరు స్త్రీలు 2007లో న్యాయస్థానమునకెక్కిరి. మరుసటి యేడు ఉభయులకు రాజీ కుదిరినది. తమ చేతిపనికి వెల ఉన్నదని తెలిసికొనుట ఒక మెట్టు. ఆ వెల తమకు ముట్టవలెనని అడుగుట రెండవ మెట్టు. పది డాలర్లు వచ్చుననియే తెలియని వారు ఆ రెండవ మెట్టును ఎక్కిరి.

ఇంతవరకు చదివిన పిల్లలు, గీస్ బెండు స్త్రీలందరును పాటలు పాడుకొనుచు సంతోషముగా కుట్టిరని తలచవచ్చును. అట్లు తలచుట సరికాదు. 1942లో పుట్టిన లొరెట్టా పెట్వే అను స్త్రీకి కుట్టుపని ఇష్టమే కాదు. బాల్యమునుండి కష్టములే. సంసారము బరువు. పిల్లలకు కప్పుటకు దుప్పట్లు కొన స్తోమత లేదు. అడిగినను తోడువచ్చి కుట్టువారు లేరు. గత్యంతరము లేక ఒంటరిగా కూర్చుండి, ఉన్న గుడ్డలతోనే కుట్టెను. అట్లు కుట్టిన ఆమె బొంతలు గీస్ బెండునకే వన్నె తెచ్చినవి. 2015లో దేశములోని జానపద కళాకారులకిచ్చు జాతీయ గౌరవమును, మేరీ లీ బెండాల్ఫ్, లూసీ మింగో అను మరి యిద్దరితోపాటు, ఆమెకును ఇచ్చిరి. తోడు దొరకుట భాగ్యము. అది దొరకనప్పుడును చేతిపనిని చిన్నబుచ్చక నిలుపుకొనుట మరియొక విధమైన ధైర్యము. ఆ పల్లె చరిత్రలో ఈ రెండును కలవు.

2022 నుండి శరత్కాలమున ఆ ఊరిలో బొంతల ఉత్సవము జరుగుచున్నది. పూర్వము చలి వెనుదిరిగినప్పుడు ప్రతి ఇంటివారును బొంతలను బయటికి తీసి, తీగెలమీద వేసి, గాలి పోసెడివారు. ఊరంతయు రంగుల తోరణము కట్టినట్లుండెడిది. స్త్రీలు దారివెంట నడచుచు ఒకరి కూర్పు ఒకరు చూచుకొనెడివారు. ఆ పాతవాడుకయే ఇప్పుడు పండుగయైనది. దూరదేశములనుండి వచ్చినవారు ఆ తీగెల నడుమ నడచుచు, ఆ ఊరి స్త్రీలవద్ద సూది పట్టుట నేర్చుకొనుచున్నారు.

ప్రదర్శనశాల గోడ లేకున్నను ఆ బొంతలు అవే. వెల పది డాలర్లైనను, పదివేల డాలర్లైనను అవే. మారినది చూచువారి కన్ను. గుడ్డ పాతదగుట లోపము కాదు; దానిమీద బ్రతుకు వ్రాసిన వ్రాత అది. ఆ వ్రాతను చెరపక, ముక్కముక్కకు తగిన తావు చూచి కూర్చిన చేయి కళాకారుని చేయి. ఆ కూర్పును ఆమెకే విడిచి, ప్రక్కన కూర్చుండి కుట్టు వేసిన చేతులు నిజమైన స్నేహితుల చేతులు.

ఈ చలికాలమున అటకమీది మూట దిగినప్పుడు ఒక్క క్షణము ఆగి, ఆ బొంతను వెలుగునకు ఎత్తి చూడవలెను. ఈ అంచు ఎవరి చీరది? ఈ నీలము ఏ యేటి పండుగది? ఈ కుట్టు సన్నముగా నడచి ఇక్కడ ఎందుకు వంకర పోయినది - కన్ను మసకబారుటచేతనా, దీపము కొండెక్కుటచేతనా? ఇంటిలో పెద్దవారు ఉన్నప్పుడే అడుగవలెను. వారు చెప్పుదురు. తరువాత చుట్టము వచ్చినను ఆ బొంతను లోపల దాచ మనసొప్పదు.